ఎర్రమట్టి దిబ్బల బొమ్మ: ఆకాశంలో మరకలు పోయిందిలా

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర వాటర్‌కలర్ వేస్తే, ఆకాశంలో క్యాలీఫ్లవర్ ఆకారంలో మరకలు తేలేవి. తప్పు రంగుది కాదు, సముద్రపు గాలిలోని తేమది. పైకి ఆరినట్టు కనిపించే కాగితం లోపల తడిగానే ఉంటుంది. దానిమీద అంతకంటే నీళ్లెక్కువున్న బ్రష్ పెడితే, ఆ నీళ్లు రంగును చుట్టూ నెట్టేస్తాయి.

ఇప్పుడు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అట్టకు బిగించి వాడుతున్నాను. రెండో పూతకు ముందు చెయ్యి వెనక భాగం ఆనించి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. ఆగలేకపోతే బ్రష్‌ను గుడ్డకు అద్ది, కాగితం కంటే పొడిగా ఉంచాలి. మరక పడితే అప్పుడే ముట్టుకోవద్దు, పెద్దదవుతుంది. పూర్తిగా ఆరాక, తడి బ్రష్‌తో అంచును మెల్లగా రుద్ది టిష్యూతో అద్దితే చాలావరకు పోతుంది.

ఇక దిబ్బలు. వాటి ఎరుపు ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. బర్న్ట్ సియన్నా అనే ఎర్రటి గోధుమ రంగులో ఉండేదీ అదే, అందుకే దిబ్బల రంగుకు ఇట్టే సరిపోతుంది. (అక్కడి మట్టి మాత్రం తేవద్దు, అది భూవారసత్వ స్థలం, అంటే నేల చరిత్రకు గుర్తుగా కాపాడుతున్న చోటు.) వాన కోసిన గాడుల నీడలకు నలుపు వేస్తే బొమ్మ చచ్చిపోతుంది. సియన్నాలో అల్ట్రామెరైన్ నీలం కలపండి: ఇంచుమించు సగం సగమైతే బూడిద, సియన్నా ఎక్కువైతే ముదురు గోధుమ. ఆ నీలాన్నే పలచన చేసి ఆకాశానికి వాడితే నేలా నింగీ కలిసిపోతాయి.