పడవ కింద దించిన జిగ్‌ను ఫిష్ ఫైండర్ తెరపై చూడటం

గంజాం తీరంలో, గోపాలపూర్ వైపు నుంచి ఫైబర్ పడవల్లో వెళ్లే మన వాళ్లకు ఫిష్ ఫైండర్ అంటే ముందుగా లోతు చూపే యంత్రం, తరువాత చేపల గుంపును వెతికే యంత్రం. సీసపు జిగ్‌ను, అంటే ఎరలా పనిచేసే గేలం ఉన్న సీసపు ముక్కను, నిలువుగా దించి ఆడించే వేటలో మాత్రం అంతకంటే విలువైన పని ఒకటి దానితో చేయించుకోవచ్చు. మన జిగ్‌కూ చేపకూ మధ్య ఎన్ని బారల ఎడం ఉందో అది అప్పటికప్పుడు చూపగలదు.

ఇందుకు మొదటి షరతు జిగ్ ధ్వని పరిధిలో ఉండటం. నీటిలోకి ధ్వనిని పంపి దాని ప్రతిధ్వనిని అందుకునే భాగమైన ట్రాన్స్‌డ్యూసర్ నుంచి ధ్వని గరాటు ఆకారంలో కిందికి విస్తరిస్తుంది. 200 కిలోహెర్ట్జ్ వద్ద ఆ కోణం 20 డిగ్రీలు అనుకుంటే, 20 మీటర్ల లోతులో కనబడే వలయం వెడల్పు సుమారు 7 మీటర్లు, 3 మీటర్ల లోతులో ఒక్క మీటరే. ట్రాన్స్‌డ్యూసర్ వెనుక భాగాన ఉండగా 8 మీటర్ల పడవలో ముందు కొసన కూర్చుని గేలం దించితే 20 మీటర్ల లోతులో కూడా జిగ్ తెరపైకి రాదు. కనుక ట్రాన్స్‌డ్యూసర్ ఉన్న పక్కనే, దానికి వీలైనంత దగ్గరగా నిలబడి దించాలి.

దారం వాలితే ఇదంతా వృథా. 20 మీటర్ల లోతులో దారం 30 డిగ్రీలు వాలిందంటే జిగ్ పక్కకు 11 మీటర్లకు పైగా జరిగిపోయినట్లే. ఈ తీరంలో ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతి దిశగా, ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్య దిశగా సాగుతుంది కాబట్టి, పడవ ఎటు కొట్టుకుపోతుందో ముందుగా గమనించి, ఇంజను కొద్దిగా నడుపుతూ దారం నిటారుగా ఉండేలా చూసుకోవాలి. అప్పటికీ వాలుతుంటే బరువైన జిగ్ కట్టాలి.

అమరికల్లో చేప బొమ్మలు చూపే సదుపాయాన్ని ముందుగా ఆపేయాలి. అది మన సీసపు ముక్కకు కూడా చేప బొమ్మ గీసి ఆశపెడుతుంది. లోతు పరిధిని ఆటోమేటిక్‌లో వదలకుండా అడుగుకు కాస్త దిగువ వరకు చేత్తో నిర్ణయించి, తెర కదిలే వేగాన్ని గరిష్ఠంగా ఉంచి, తెర అంతా చుక్కలతో నిండేదాకా సెన్సిటివిటీని (బలహీనమైన ప్రతిధ్వనులను కూడా పట్టి చూపే స్థాయిని) పెంచి, తరువాత కొంచెం తగ్గించాలి. చప్పుడును వడకట్టే ఫిల్టర్ ఎక్కువగా ఉంటే చిన్న జిగ్ గీత కూడా దానితోపాటే చెరిగిపోతుంది.

తెరను కుడి అంచు నుంచి చదవాలి. ఈ క్షణాన కింద ఉన్నది అక్కడే కనబడుతుంది, ఎడమ వైపున్నదంతా గడచిపోయిన సంగతి. దిగుతున్న జిగ్ ఏటవాలు గీతగా, ఆగిన జిగ్ అడ్డగీతగా, ఆడిస్తున్న జిగ్ రంపపు పళ్లలా కనబడతాయి. ఆ గీత మనదేనా అని అనుమానం వస్తే జిగ్‌ను రెండు బారలు పైకి లాగి చూడాలి. గీత కూడా లేస్తే అది మనదే. అడుగుకు ఆనుకున్న జిగ్ నేల గీతలో కలిసిపోతుంది కాబట్టి ఒక మీటరు పైకెత్తి ఉంచడం మేలు.

చేప ప్రతిధ్వనిలో పెద్ద భాగం దాని గాలి తిత్తి నుంచి వస్తుంది. వంజరానికి ఆ తిత్తి లేదు గనుక, పెద్ద వంజరం కూడా పార చేప కంటే పలచగా, ఒక్కోసారి మన జిగ్ కంటే మసకగా కనబడవచ్చు. జిగ్ గీత వైపు మరో గీత లేచి వస్తుంటే చేప వెంబడిస్తోందన్నమాట. అప్పుడు జిగ్‌ను ఆపకుండా పైకి లాగుతూనే ఉండటం మంచిదని నా అభిప్రాయం.

రుషికుల్య నది ముఖద్వారం వద్ద తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేటపై నిషేధం ఉంటుంది కాబట్టి ఈ సాధనకు ఆ ప్రాంతాన్ని వదిలేయాలి.

దారం నిటారుగానే ఉన్నా జిగ్ కనబడకుంటే ట్రాన్స్‌డ్యూసర్ ముఖాన్ని చూడాలి. దానికి నాచు పట్టినా, ఇంజను ఫ్యాను నుంచి వచ్చే గాలి బుడగలు కమ్మినా ధ్వని కిందికి సరిగా దిగదు. నాచును తడి గుడ్డతో తుడవాలే తప్ప కత్తితో గీకకూడదు.