మెడ నుంచి చేతికి నొప్పి లాగుతుంటే: ఆపరేషన్ లేకుండా డిస్కు నొప్పిని తగ్గించుకునే తీరు

మెడలో డిస్కు జారిందని రిపోర్టు రాగానే ఇక ఆపరేషనే గతి అని బెంబేలు పడొద్దు. డిస్కంటే పూసల మధ్య ఉండే మెత్త. దాని పైపొర చిట్లి లోపలి గుజ్జు బయటికొస్తుంది. అది నరాన్ని ఒత్తుతుంది, చుట్టూ వాపు తెస్తుంది. అందుకే చెయ్యి జివ్వుమంటుంది. బయటికొచ్చిన గుజ్జును చాలాసార్లు ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. ఈలోగా నరాన్ని ఇంకా రేపకుండా కాపాడుకోవాలి.

ముందు ఏ నరమో చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి, మణికట్టు పైకి ఎత్తడం బలహీనపడితే సాధారణంగా మెడలో 5–6 పూసల మధ్య డిస్కు. నడివేలు మొద్దుబారి, తలుపు నెట్టేటప్పుడు మోచెయ్యి నిలవకపోతే 6–7 మధ్యది. ఉంగరం వేలు, చిటికెనవేలు అయితే దాని కింది నరం. నొప్పి ఉన్న చేతిని నెత్తిమీద పెట్టుకుంటే హాయిగా ఉందా? అది మెడ నరమేననడానికి మంచి గుర్తు. బరంపురంలోనో రాయగడలోనో ఒడియా డాక్టరుకు చెప్పాల్సి వస్తే మెడ ‘బెక’, చెయ్యి ‘హాత’, తిమ్మిరి ‘ఝిమ్‌ఝిమ్’. ఏ వేలికి పాకుతోందో వేలు పట్టి చూపించండి, సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఎవరి చేతా మెడ ముట్టించుకోవద్దు. చొక్కా గుండీలు పెట్టడం రాకపోవడం, అన్నం ముద్ద వేళ్లలోంచి జారడం, నడకలో తూలడం, కాళ్లు బిగుసుకోవడం, మూత్రం ఆగకపోవడం కనిపిస్తే వెన్నుపామే నలుగుతోందని అనుమానించాలి. చేతి బలం రోజురోజుకీ తగ్గడం, జ్వరం, పడిపోయి దెబ్బ తగలడం, గతంలో కేన్సర్ ఉండడం కూడా అంతే. ఆలస్యం చేయకుండా బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీకో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్లండి. బండి వెనక కూర్చుని గతుకుల రోడ్డు మీద మాత్రం పోవద్దు.

ఇక మెడ విరిపించుకోవడం గురించి. మంగలి షాపులో గడ్డం పట్టి టక్కుమనిపిస్తే ఆ నిమిషానికి తేలిగ్గా ఉంటుంది కానీ, జారిన డిస్కు మీద ఆ కుదుపు చాలా ప్రమాదం. మెడ పూసల గుండా మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగే ముప్పు కూడా ఉంది, అరుదే అయినా. మెడ పట్టించుకున్నాక కళ్లు తిరిగినా, చూపు రెండుగా కనిపించినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. కైరోప్రాక్టర్ (చేత్తో పూసలు సర్దేవారు) దగ్గరకైనా, ఫిజియోథెరపిస్టు దగ్గరకైనా వెళ్లినప్పుడు గమనించాల్సింది ఒకటే: చిన్న రబ్బరు సుత్తితో మోచేతి, మణికట్టు దగ్గర తట్టి, రెండు చేతుల బలం పోల్చి చూశాకే చెయ్యి వేస్తున్నారా? అలా చూడనివారి దగ్గర కూర్చోవద్దు. జారిన డిస్కుకు కుదుపు వద్దు, మెల్లని కదలికలు, చేత్తో లాగడం, వీపు పైభాగాన్ని వదులు చేయడం చాలని చెప్పండి. ఎముకలు గుల్లబారినవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లు అది ముందే చెప్పాలి. ఏడాదికి సరిపడా ప్యాకేజీకి డబ్బు కట్టొద్దు. నాలుగైదు సార్లు వెళ్లాక మార్పు లేకపోతే పద్ధతి మార్చాలి.

ట్రాక్షన్, అంటే మెడను మెల్లగా లాగి పట్టడం, బాగా పనిచేసేది సరిగ్గా కట్టినప్పుడే. మొదట చేత్తో లాగి చూడాలి, చెయ్యి నొప్పి తగ్గితేనే యంత్రం. మెడ కాస్త ముందుకు వంగి ఉండాలి, బరువు 4–5 కిలోలతో మొదలవ్వాలి, సమయం 10–15 నిమిషాలు. పట్టీ గడ్డాన్ని లాగితే దవడ నొప్పి, తలనొప్పి వస్తాయి. లాగుడు తల వెనక ఎముక మీద పడేలా సర్దించుకోండి. అయ్యాక చటుక్కున లేవకుండా ఐదు నిమిషాలు పడుకోండి. తలుపుకు చీర కట్టి, దానికి మెడ తగిలించి వేలాడటం ట్రాక్షన్ కాదు, ప్రాణం మీదకి వస్తుంది.

ఇంట్లో చేయాల్సింది గడ్డం వెనక్కి లాగుకోవడం. గోడకు వీపు ఆనించి, చూపు ఎదురుగా నిలిపి, తల వంచకుండా గడ్డాన్ని మెడ వైపు జరపండి. ఐదు సెకన్లు పట్టి వదలండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. చేస్తుండగా నొప్పి వేళ్ల నుంచి పైకి మోచేతికి, భుజానికి తగ్గుతూ వస్తే, మెడలో కాస్త పెరిగినా, మేలుకే. వేళ్లవైపు పాకితే వెంటనే ఆపండి. ఈ ఒక్క లెక్క ఏ వ్యాయామానికైనా పనికొస్తుంది. భుజాల రెక్కలను వెనక్కి దగ్గరచేసే వ్యాయామం దీనికి తోడు.

రాత్రి బోర్లా పడుకోవద్దు. పక్కకు పడుకుంటే భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండేంత దిండు, వెల్లకిలా అయితే పలుచని దిండు, మెడ కింద చుట్టిన తువ్వాలు. నొప్పి చెయ్యి కింద ఇంకో దిండు పెడితే నరం వదులవుతుంది. మెడకు కట్టే పట్టీ (కాలర్) ఒకటి రెండు వారాలకు మించి వాడితే మెడ కండరాలు నీరసించిపోతాయి.

పని సంగతి వదిలేస్తే ఇదంతా వృథా. గుంట మగ్గం మీద బరంపురం పట్టు నేసేవారు తెగిన పోగు అతికేటప్పుడు మెడ ఒక్కదాన్నే వంచుతారు. నడుం నుంచి ముందుకు వంగి, దీపాన్ని దగ్గరకు జరుపుకోండి. అరగంటకోసారి లేవండి. నెత్తిన కట్టెల మోపు, భుజాన కావిడి కనీసం ఆరు వారాలు మానాలి. తర్వాత కూడా సగం బరువుతో మొదలుపెట్టి, మర్నాడు పొద్దున చెయ్యి తిమ్మిరి లేకపోతేనే పెంచండి. ఆరు వారాలకూ నొప్పి వదలకపోతే అప్పుడు ఎమ్మారై తీయించి, నరానికి ఇంజెక్షనా, ఆపరేషనా అన్నది వెన్నెముక డాక్టరుతో తేల్చుకోండి.