వేరే ఊరి స్టీరియో ఫోటోగ్రఫీ క్లబ్బు సమావేశానికి వెళ్లేవారికి

అమెరికాలో స్టీరియో ఫోటోలు (ఎడమ, కుడి కళ్లకు వేర్వేరు బింబాలు చూపి లోతు కనిపించేలా చేసే జంట చిత్రాలు) తీసేవారి క్లబ్బులు ప్రతి నగరంలోనూ ఉండవు కనుక, ఈ కళపై మక్కువ ఉన్నవారు పొరుగు నగరానికి ప్రయాణం కట్టవలసి వస్తుంది. 1955లో స్టీరియో క్లబ్ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాగా మొదలై, ఇప్పుడు ఎల్.ఏ. త్రీ-డి క్లబ్‌గా నడుస్తున్న లాస్ ఏంజెలెస్ క్లబ్బు వంటివి చూసి తీరవలసినవి. బయలుదేరే ముందు నిర్వాహకులకు ఒక ఉత్తరం రాసి, సమావేశం హాల్లో జరుగుతుందా, జూమ్‌లోనా, ఆ నెలలో పోటీ ఉందా, అతిథులు తమ చిత్రాలు చూపవచ్చా అని కనుక్కోండి.

అదే ఉత్తరంలో తెర వెడల్పు ఎంతో కూడా తప్పక అడగండి. ఇంట్లో మానిటర్ మీద హాయిగా కనిపించిన చిత్రం హాల్లో కళ్లను నొప్పించడానికి కారణం చాలాసార్లు ఇదే. ఉదాహరణకు, దూరపు కొండ ఎడమ, కుడి బింబాల మధ్య ఎడం చిత్రం వెడల్పులో ముప్పయ్యో వంతు ఉందనుకుందాం. 60 సెంటీమీటర్ల మానిటర్ మీద అది 2 సెంటీమీటర్లే. రెండు మీటర్ల తెర మీద సుమారు 6.7 సెంటీమీటర్లు, అంటే దాదాపు మన రెండు కళ్ల మధ్య దూరమంత. మూడు మీటర్ల తెర మీద అది 10 సెంటీమీటర్లవుతుంది. అప్పుడు చూసేవారి కళ్లు సహజంగా తిరగని విధంగా బయటి వైపుకు తిరగవలసి వస్తుంది. కాబట్టి తెర పెద్దదైతే లోతు తక్కువగా ఉన్న చిత్రాలనే ఎంచుకోండి. స్టీరియోఫోటో మేకర్ సాఫ్ట్‌వేర్‌తో రెండు బింబాల ఎత్తులను సరిచేసి, ఎడమ బింబం ఎడమ పక్కనే ఉందో లేదో మరొకసారి చూసుకోండి. రెండూ తారుమారైతే కొండ ముందుకు, మనిషి వెనక్కు వెళ్లినట్లు కనిపిస్తుంది.

ఫిల్ముతో తీసేవారు స్లైడును వ్యూయర్‌లో (కళ్లకు ఆనించి స్లైడు చూసే పరికరంలో) పెట్టి చూసే తీరులో పట్టుకుని, కింది ఎడమ మూలన గుర్తు చుక్క ఉందో లేదో సరిచూసుకోవాలి.

హాల్లో మధ్య వరుసల్లో, తెరకు ఎదురుగా కూర్చోండి. ఒక్కో కంటి బింబాన్ని వేరే దిశలో కంపించే ధ్రువీకృత (పోలరైజ్డ్) కాంతితో చూపుతారు కనుక, ఆ కాంతిని చెదరగొట్టకుండా ఉండేందుకు లోహపు పూత పూసిన తెరను వాడతారు. దాని వెలుగు పక్కలకు పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఆ పూత సున్నితమైనది కనుక తెరను వేలితో కూడా తాకకండి. ఇంటి నుంచి ఎరుపు-నీలం కళ్లద్దాలు తీసుకువెళ్లినా ఉపయోగం ఉండదు. అక్కడ ఇచ్చే పోలరైజ్డ్ అద్దాలనే, మీ చూపు అద్దాల మీదుగా పెట్టుకోవచ్చు. తల పక్కకు వాల్చితే ఒక కంటి బింబం మరో కంటిలోకి చొరబడి అంచుల వెంట నీడలు పడతాయి కాబట్టి, మెడ నిటారుగా ఉంచుకోవాలి.

విరామంలో సభ్యులు తమ చేతి వ్యూయర్లను తోటివారికి అందించడం చాలాచోట్ల ఉన్న అలవాటు. 1947లో వచ్చిన స్టీరియో రియలిస్ట్ కెమెరాతో తీసిన స్లైడు మీ చేతికి వస్తే, దాని అంచులు మాత్రమే పట్టుకుని, కిటికీ వెలుగు వైపు తిరిగి, తొందరపడకుండా చూడండి. మెచ్చుకోలు చెప్పి ఊరుకోక, కటకాల ఎడం మార్చుకోగల పద్ధతిలో తీసిన చిత్రమైతే రెండు కటకాల మధ్య ఎంత దూరం ఉంచారో, ఆ దూరాన్నే ఎందుకు ఎంచుకున్నారో అడగండి. తీసినవారు ఎంతో ఇష్టంగా చెబుతారు.