హాల్లో బంతి పడకముందే వరండాలో అవుటని కేకలు: సమస్య - పరిష్కారం

సంక్రాంతికి కోనసీమలో అల్లుళ్లు, పిల్లలు అందరూ దిగితే ఒక్క టీవీ చాలదు. హాల్లో ఒకటి, వరండాలో ఒకటి, మేడ మీద ఇంకొకటి పెడతారు. పోయిన పండక్కి అమలాపురం దగ్గర మా ఇంట్లో వరండా వాళ్లు అవుటని అరిచిన చాలాసేపటికి గానీ హాల్లో ఆ బంతి పడలేదు. మ్యాచ్ చూసే సరదా అంతా పోయింది.

ముందు తేడా ఎంతో కొలవండి. అన్ని టీవీల్లో అదే మ్యాచ్ పెట్టి, ముందుగా వస్తున్న గదిలో బంతి పడగానే ఒకరు కేకేయాలి. రెండో గదిలో వాళ్లు స్టాప్‌వాచ్ నొక్కి, తమ టీవీలో ఆ బంతి పడగానే ఆపాలి. ఎన్ని సెకన్లన్నదే కారణం చెబుతుంది.

పది సెకన్లు దాటితే

ఒక టీవీ కేబుల్ మీదో డిష్ మీదో, రెండోది ఇంటర్నెట్ యాప్ మీద నడుస్తున్నట్టే. చాలామంది ఉపగ్రహం దూరమని డిష్‌ని అనుమానిస్తారు. అది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉన్నా, సిగ్నల్ పైకెళ్లి కిందికి రావడానికి పావు సెకనే పడుతుంది. అసలు ఆలస్యం యాప్‌లో ఉంది. అందులో వీడియో ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్క 6 సెకన్లనుకుంటే, మధ్యలో ఆగకుండా మూడు ముక్కలు పోగేసుకుని మొదలెట్టేసరికే 18 సెకన్లు వెనకబడుతుంది. లైవ్ బటన్ నొక్కితే మీరు పాజ్ చేసినంత మేరకే కలుస్తుంది. యాప్‌నీ కేబుల్‌నీ కలపాలని తంటాలు పడకండి, కింద చెప్పినట్టు ఒకే బాక్సు నుంచి అన్ని టీవీలకూ ఇవ్వండి.

ఒకటి రెండు సెకన్లయితే

ఒకటి డిష్, ఒకటి కేబుల్ అయినా, ఒకే ఛానల్‌ని ఒక టీవీలో హెచ్‌డీ, ఇంకో టీవీలో మామూలుది పెట్టినా ఇలాగే వస్తుంది. ఒకే రకం సెట్‌టాప్ బాక్సులు రెండున్నా కాస్త తేడా ఉండొచ్చు. నా మాట వినండి, ఒకే బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో (ఒక బాక్సు బొమ్మనీ మాటనీ చాలా టీవీలకు పంచేది) అన్ని టీవీలకూ ఇవ్వండి. కరెంటు అడాప్టరుతో వచ్చే స్ప్లిటర్ తీసుకోండి. మేడ మీదికి పొడుగు హెచ్‌డీఎంఐ వైరు లాగకుండా, క్యాట్ 6 వైరు (ఇంటర్నెట్‌కి వాడే నెట్‌వర్క్ వైరు) మీద నడిచే ఎక్స్‌టెండర్ వాడండి. అన్నిటికీ ఒకటే ఛానల్, ఒకటే రిమోట్ అవుతాయి. అందుకని సీరియల్ చూసే అత్తయ్యగారికి వేరే టీవీ వదిలేయాల్సిందే.

ఒక్క టీవీలోనే బొమ్మ రాకపోతే బాక్సు సెట్టింగులో బొమ్మ సైజు (రిజల్యూషన్) 1080 లేదా 720కి దించి చూడండి. అన్ని టీవీలూ చూపగలిగే సైజే పంపాలి.

బొమ్మ కలిసింది, మాట మాత్రం ప్రతిధ్వనిస్తోంది

ఇదే ఎక్కువ విసిగిస్తుంది. కొత్త టీవీలు బొమ్మను నున్నగా చేయడానికి కాస్త టైమ్ తీసుకుంటాయి, పాతవి వెంటనే చూపిస్తాయి. కొత్త టీవీలో గేమ్ మోడ్ పెట్టి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. బ్లూటూత్ స్పీకర్ ఉంటే వైరుతో కలపండి, బ్లూటూత్ దానికదే ఆలస్యం చేస్తుంది.

అయినా తగ్గకపోతే తప్పు టీవీలది కాదు, దూరానిది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. 17 మీటర్ల అవతలి టీవీ మాట సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చెవిన పడుతుంది. ఇంట్లో అయితే ఒక్క టీవీకే సౌండ్ ఉంచి మిగతావి మ్యూట్ చేయండి. పందిట్లో వెనక కూడా సౌండ్ బాక్సులు పెడితే, ముందు సౌండ్ బాక్సుల నుంచి ఎన్ని మీటర్ల దూరమో కొలిచి, మీటరుకు 3 మిల్లీసెకన్ల చొప్పున మిక్సర్‌లో వెనకవాటికి డిలే ఇవ్వమనండి. 30 మీటర్లకు 90 అవుతుంది.

కరెంటు పోయి వచ్చాక చెడితే

ముందు టీవీలు, తర్వాత స్ప్లిటర్, చివర్లో బాక్సు ఆన్ చేయండి. వీలుంటే బాక్సు, స్ప్లిటర్ రెండూ ఇన్వర్టర్ మీద పెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి హెచ్‌డీఎంఐ వైరు పిన్నులు చిలుము పడతాయి, బొమ్మ వణికితే ముందు ఆ వైరు మార్చి చూడండి.