జనం లేని బీచ్ పార్కులో రాత్రుళ్ళు క్యాంపింగా, వెళ్ళే ముందు ఇవి చూస్కోండి

ఊళ్ళకి దూరంగా ఉన్న సముద్రపు ఒడ్డు పార్కులో రెండు మూడు రాత్రులు టెంట్ వేసుకుని ఉందాం అనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఏ టెంట్ కొనాలి, ఏ స్లీపింగ్ బ్యాగ్ మంచిది అని. అవి తర్వాత అండి. ముందు తెలుసుకోవాల్సింది మీరు ఉండే రాత్రుళ్ళు అక్కడ పోటు, అంటే సముద్రం నీళ్ళు ఒడ్డు మీదకి పెరగడం, ఎన్నింటికి వస్తుంది, ఎంత ఎత్తు వస్తుంది అని. కొండల్లో అడవుల్లో బాగా తిరిగినవాళ్ళు కూడా ఇక్కడే దెబ్బ తింటారు, ఎందుకంటే అక్కడ సాయంత్రం చూసిన నేల పొద్దున్న దాకా అలాగే ఉంటుంది, ఇక్కడ సాయంత్రం 5కి పొడిగా చదునుగా ఎంతో బాగుందనిపించిన చోటే రాత్రి 11కి మోకాల్లోతు నీళ్ళలో ఉండొచ్చు.

చాలా తీరాల్లో రోజుకి రెండు సార్లు పోటు, రెండు సార్లు ఆటు (నీళ్ళు వెనక్కి తగ్గడం). ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు లేటు అవుతూ పోతుంది, కాబట్టి నిన్న 8కి వచ్చింది ఇవాళ కూడా 8కే అని లెక్కేస్కోవద్దు. అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీళ్ళు మామూలు కంటే పైకి వస్తాయి. వెన్నెల్లో బీచ్ బాగుంటుందని చాలామంది సరిగ్గా పౌర్ణమికే ప్లాన్ పెట్టుకుంటారు, పెట్టుకోండి తప్పు లేదు, కానీ నీళ్ళు బాగా పైకొచ్చే రోజులు కూడా అవేనని గుర్తుంచుకుని టెంట్ ఇంకా పైన వేస్కోండి. ఇంకో సంగతి, నీళ్ళు ఒకే స్పీడులో పెరగవు. ఆటు నుంచి పోటుకి 6 గంటలు అనుకుంటే మొదటి గంటలో మొత్తం పెరగాల్సిన దాంట్లో 12వ వంతే పెరుగుతుంది, మూడో గంట నాలుగో గంట కలిపి సగం పెరిగిపోతుంది. మొదటి గంట చూసి ఇంకా చాలా టైముంది అనుకుని రాళ్ళ మీదకి ఫొటోలకి వెళ్ళినవాళ్ళు ఇరుక్కుపోయేది ఆ మధ్య రెండు గంటల్లోనే. టైడ్ టేబుల్లో, అంటే ఏ రోజు పోటు ఎన్నింటికి, ఎంత ఎత్తు అని ముందే లెక్కేసి ఇచ్చే పట్టికలో, రాసిన ఎత్తు కూడా చంద్రుడు సూర్యుడి లెక్కతో వేసింది, గాలి సముద్రం మీంచి ఒడ్డుకి గట్టిగా తోస్తే అంతకంటే పైకి వస్తుంది, అల్పపీడనం ఉంటే గాలి పీడనం 1 మిల్లీబార్ తగ్గినప్పుడల్లా నీటి మట్టం సుమారు 1 సెంటీమీటర్ లేస్తుంది. అందుకే టేబుల్ చూడటంతో ఆపకండి, వెదర్ కూడా కలిపి చూడండి, తుఫాను హెచ్చరికో గాలుల హెచ్చరికో ఉంటే ట్రిప్ వాయిదా వేసేయండి, దాంట్లో రెండో ఆలోచన అక్కర్లేదు.

టెంట్ ఎక్కడ వేయాలి అన్నదానికి ఒడ్డే మీకు ఆనవాలు చూపిస్తుంది. నాచు, చెత్త, పుల్లలు, గవ్వలు ఒక గీతలాగా పేరుకుని ఉంటాయి చూడండి, అది కిందటి పోటు ఎక్కడిదాకా వచ్చిందో దాని గుర్తు. ఒక్కో చోట రెండు మూడు గీతలుంటాయి, అన్నిటికంటే పైన ఉన్న పాత ఎండిపోయిన గీతని చూసి దానికీ బాగా పైన వేయండి. అలాగని గడ్డి మొలిచిన ఇసుక దిబ్బల మీదకి ఎక్కొద్దు, ఆ గడ్డి వేళ్ళే ఇసుకని పట్టి ఉంచుతాయి, తొక్కితే దిబ్బ గాలికి పోతుంది, ఆ వెనకాల ఉన్న నేలకి అదే కదా అడ్డు. చాలా పార్కుల్లో దిబ్బలెక్కడం నిషేధం కూడా. కొండ చరియ కింద నీడగా ఉందని వేయకండి, పైనుంచి రాళ్ళు పడతాయి, చరియ అంచు మీద అసలే వద్దు, కింద అలలు తొలిచేసి ఉంటే పైనున్న మనకి కనపడదు. ఎండిపోయిన వాగు సముద్రంలో కలిసే చోటు కూడా అంతే, ఎక్కడో పైన వాన పడితే ఇక్కడికి నీళ్ళు రాత్రికి రాత్రే వచ్చేస్తాయి. తాబేళ్ళు గుడ్లు పెట్టే సీజన్ అయితే పార్కు వాళ్ళు ఆ భాగం మూసేస్తారు, మూయకపోయినా అక్కడ లైట్లు వేయకండి, పిల్ల తాబేళ్ళు వెలుతురుని చూసి సముద్రం వైపు కాకుండా మన వైపు నడుస్తాయి.

దారి సంగతి కూడా టెంట్ వేసే ముందే చూడాలి. ఒడ్డు వెంట నడిచి రావడానికి కొన్నిచోట్ల ముందుకి పొడుచుకొచ్చిన రాళ్ళ కొండని దాటాలి, ఆటు టైములో హాయిగా నడిచి వచ్చేస్తాం, పోటు వచ్చాక ఆ దారి ఉండదు. అటు నుంచి వెనక్కి రావడానికి పై దారి ఉందా లేదా అని మ్యాప్‌లో వెలుగుండగానే చూసి పెట్టుకోండి, ఒకసారి నడిచి చూస్తే ఇంకా మంచిది. కార్ ఉంటే అది కూడా ఆ నాచు గీతకి పైనే ఉండాలి, తడి ఇసుకలో చక్రం దిగబడిందంటే పోటు వచ్చేలోపు తీయడం చాలా కష్టం.

ఇసుకలో మామూలు టెంట్ మేకులు నిలబడవు, గట్టిగా కొట్టినా చేత్తో లాగితే వచ్చేస్తాయి. గట్టి సంచులు తీసుకెళ్ళి ఇసుక నింపి, టెంట్ తాడు దానికి కట్టి, ఒక అడుగు అడుగున్నర లోతులో పూడ్చేయండి, లేదంటే గట్టి కర్రముక్కని తాడుకి అడ్డంగా కట్టి పూడ్చినా పట్టు బాగుంటుంది. సాధారణంగా పగలు గాలి సముద్రం నుంచి వస్తుంది, రాత్రి నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది, కాబట్టి సాయంత్రం గాలి చూసి ఒక పక్కే గట్టిగా కట్టి ఊరుకోకండి, అన్ని తాళ్ళూ కట్టండి.

ఇక నీళ్ళలోకి దిగడం. లైఫ్‌గార్డ్ లేని చోట నా సలహా అయితే మోకాళ్ళు దాటి దిగొద్దు అని, ఎంత ఈత వచ్చినా సరే. రిప్ కరెంట్ అంటే ఒడ్డుకొచ్చిన నీళ్ళు ఒక సన్నటి దారి చేసుకుని వేగంగా వెనక్కి సముద్రంలోకి పోవడం, గట్టి రిప్ సెకనుకి 2 మీటర్ల పైన పోతుంది, ఒలింపిక్స్‌లో ఈదేవాళ్ళు కూడా దానికి ఎదురీదలేరు. మోసం ఎక్కడంటే అది చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో అలల్లేకుండా కాస్త ముదురు రంగులో కనపడుతుంది, నురగ ఒడ్డుకి రాకుండా లోపలికి పోతుంటుంది, కొత్తవాళ్ళు అలలు తక్కువున్నాయని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదొద్దు, బలం అయిపోతుంది, అదే అసలు ప్రమాదం. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి కేకేయండి, రిప్ మనిషిని కిందకి లాగదు, బయటికి మాత్రమే మోసుకుపోతుంది, ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా ఈది ఆ పాయలోంచి బయటపడి అప్పుడు అలలతో పాటు ఒడ్డుకి రండి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకే దూకేయొద్దు దయచేసి, కాపాడబోయి పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, మూత పెట్టిన ఖాళీ వాటర్ క్యాను, తాడు, గాలి దిండు ఏదుంటే అది విసరండి. చీకటి పడ్డాక, మందు తాగాక అసలు నీళ్ళ దగ్గరికే పోవద్దు. నీళ్ళ అంచున ఉన్న పెద్ద పెద్ద దుంగల మీద కూర్చోవద్దు కూడా, ఒక పెద్ద అల వస్తే చాలు అంత బరువు దుంగా దొర్లి మనిషి మీదకి వస్తుంది.

పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. ఇసుకలో లోతుగా గొయ్యి తవ్వి దాంట్లోకి దిగడం ఆటలాగే కనపడుతుంది కానీ అది చాలా ప్రమాదం. పక్క గోడలు ఎండేకొద్దీ పట్టు పోయి ఒక్కసారిగా కూలిపోతాయి, ఒక ఘనపు మీటరు ఇసుక 1500 కిలోల పైనే ఉంటుంది, లోపల పిల్లాడుంటే తవ్వేకొద్దీ మళ్ళీ జారి నిండుతుంది, మిగిలిన టైము నిమిషాలే. మీ గుంపులో అందరికంటే పొట్టివాళ్ళ మోకాలి కంటే లోతు తవ్వనివ్వకండి, సొరంగాలు అసలే వద్దు, వెళ్ళేటప్పుడు గోతులన్నీ పూడ్చేయండి.

మంట వేయనిస్తారా లేదా అన్నది పార్కు రూల్స్‌లో చూడండి, వేయనిచ్చినా కొట్టుకొచ్చిన కర్రలతో వంట చేయకండి, ఉప్పు పట్టిన కర్ర కాలితే డయాక్సిన్ల లాంటి విషపు పొగలు వస్తాయి. నిప్పుల మీద ఇసుక కప్పేసి ఆరిపోయింది అనుకోవడం చాలామంది చేసే పనే, కానీ ఇసుక కింద వేడి గంటల తరబడి అలాగే ఉంటుంది, పైకి ఏమీ కనపడదు, మర్నాడు పొద్దున ఉత్త కాళ్ళతో పరిగెత్తే పిల్లలకి పాదాలు కాలిపోతాయి. నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, చల్లబడిందాకా పోయండి. స్టవ్‌గానీ బొగ్గుల కుంపటిగానీ వాన పడుతోందని, చలేస్తోందని టెంట్ లోపలికి తేవొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా రంగూ ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

తాగే నీళ్ళు మనిషికి రోజుకి 4 లీటర్లు, దానికి తోడు ఇంకో రోజుకి సరిపడా ఎక్కువ పెట్టుకోండి. వాగు నీళ్ళు దొరుకుతాయిలే అనుకోవద్దు, సముద్రం దగ్గరి వాగుల్లో పోటప్పుడు ఉప్పునీరు కలుస్తుంది, మరిగించినా ఫిల్టర్ చేసినా ఉప్పు పోదు. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు, అది తాగితే బయటికి పంపడానికి ఒంట్లో నీళ్ళే ఇంకా ఖర్చవుతాయి. ఎండ పైనుంచే కాదు, పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా ఎండలోని యూవీ కిరణాల్ని వెనక్కి కొడతాయి, నీడలో కూర్చున్నా మొహం కాలుతుంది.

ఉరుములొస్తే మెరుపుకీ శబ్దానికీ మధ్య లెక్కపెట్టండి, 30 సెకన్లలోపు ఉందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. బీచ్‌లో అందరికంటే ఎత్తుగా ఉండేది మనమే, టెంట్ ఏమాత్రం కాపాడదు, అద్దాలు ఎత్తిన కార్లోకో గట్టి బిల్డింగ్‌లోకో వెళ్ళి ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి రండి. భూమి 20 సెకన్లు అంతకంటే ఎక్కువ ఊగినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయి అడుగు కనపడినా, సునామీ రావచ్చు కాబట్టి సైరన్ కోసమో మెసేజ్ కోసమో చూడకుండా సామానంతా వదిలేసి పైకి పరిగెత్తండి, వీలైతే 30 మీటర్ల ఎత్తుకి లేదా 3 కిలోమీటర్ల లోపలికి. సునామీలో మొదటి అలే పెద్దది కానక్కర్లేదు, తర్వాతవి గంటల పాటు వస్తాయి, చెప్పులకోసం ఫోన్‌కోసం కిందకి దిగొద్దు.

జెల్లీ ఫిష్ ఒడ్డున చచ్చి పడున్నా కుడుతుంది. కుడితే రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి, సముద్రపు నీళ్ళతోనే కడిగి తీగల్ని పట్టకారుతో తీసేయండి, ఊపిరి అందకపోయినా గుండె దడ వచ్చినా వెంటనే హాస్పిటల్. లోతు తక్కువ నీళ్ళలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తకుండా ఇసుకలో రాసుకుంటూ నడిస్తే స్టింగ్‌రే (తోకలో విషపు ముల్లుండే చదునైన చేప) ఉంటే అదే తప్పుకుంటుంది.

ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, పవర్ బ్యాంక్, హెడ్ లైట్, దానికి ఎక్స్‌ట్రా బ్యాటరీలు, విజిల్ ప్రతి మనిషి దగ్గరా ఉండాలి, మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నామని అర్థం, ఈ సంగతి పిల్లలకి కూడా ముందే నేర్పండి. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే చాలా ఫోన్లలో 112 లాంటి ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది, ప్రయత్నించడం మానొద్దు. బయల్దేరేముందు ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసివ్వండి, ఏ పార్కు, ఏ చివర టెంట్, ఎంతమంది, కార్ నంబర్, ఏ రోజు ఎన్నింటికి ఫోన్ చేస్తారు, చేయకపోతే ఎన్నింటి దాకా ఆగి ఎవరికి చెప్పాలి, పార్కు ఆఫీసు నంబర్ తో సహా. చూస్తాంలే అని వదిలేసే మనిషికి కాదు, టైము దాటితే కంగారు పడి నిజంగా ఫోన్ చేసే మనిషికి ఇవ్వండి, మీరు సిగ్నల్‌లోకి రాగానే మొదటి కాల్ వాళ్ళకే చేయండి, లేదంటే మీరు దారిలో టిఫిన్ తింటుంటే అక్కడ రెస్క్యూ వాళ్ళు బోటు వేసుకుని మీకోసం వెతుకుతుంటారు.