సెవెన్ సిస్టర్స్ కొండ అంచున ఒంటరిగా నడవబోయే ముందు

లండన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు, కాస్త ఎండ కాసిందంటే చాలు, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సెవెన్ సిస్టర్స్ అనే కొండలకి బయల్దేరతారు. విక్టోరియాలో రైలెక్కి, లూయిస్‌లో మారి, సీఫర్డ్‌లో దిగి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ఈస్ట్‌బోర్న్ దాకా నడక. సుమారు 22 కిలోమీటర్లు. ఫ్రెండ్స్‌కి షిఫ్టులు కుదరక ఒక్కరే వెళ్ళేవాళ్ళూ ఉంటారు. నేనూ అలా చాలాసార్లు వెళ్ళాను, వద్దని ఎవరికీ చెప్పను. కానీ ఆ కొండ సంగతి తెలుసుకుని వెళ్ళండి.

అది సుద్దకొండ. గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలుతుంది. కింద అలలు మొదలుని తొలుస్తూ ఉంటాయి, పైన వాన నీరు పగుళ్ళలోకి దిగుతూ ఉంటుంది. ఏదో ఒక రోజు పెద్ద పెళ్ళ ఏ హెచ్చరికా లేకుండా విరిగి పడుతుంది. పైనుంచి చూస్తే గొర్రెలు మేసిన పచ్చిక అంచుదాకా చదునుగా, మన ఇంటి ముందు లాన్ లాగా కనబడుతుంది. దాని అడుగున నేల ఉందో లేదో అక్కడ నిలబడినవాళ్ళకి తెలియదు. దారిలో వచ్చే బర్లింగ్ గ్యాప్ అనే చోట ఆగి, వచ్చిన దారిని పక్కనుంచి ఒకసారి చూడండి. కొన్నిచోట్ల గడ్డి గాలిలోకి వేలాడుతూ ఉంటుంది. ఆ దగ్గర్లోనే బెల్ టూట్ అనే పాత లైట్‌హౌస్ ఉంది. అంచు దాని గోడల దగ్గరికి అరిగి వచ్చేసిందని 1999లో మొత్తం కట్టడాన్నే 17 మీటర్లు వెనక్కి జరిపారు.

ఒక మార్చి నెలలో గాలికి నా టోపీ ఎగిరిపోయింది. ఆలోచించకుండా దాని వెనక నాలుగడుగులు పరిగెత్తాను. ఆగి కిందకి చూస్తే పచ్చికలో బొటనవేలు దూరేంత పగులు, అంచుకి సమాంతరంగా చాలా దూరం సాగింది. నా కుడికాలు ఆ పగులుకి అవతల ఉంది. మెల్లగా కాలు వెనక్కి తీసుకుని, కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అందుకే అంచుకి కనీసం ఐదు మీటర్లు ఎడంగా నడవండి. అంటే ఏడు పెద్ద అంగలు. గాలి ఎక్కువగా ఉంటే ఇంకా లోపలికి జరగండి. దారి పొడవునా చాలాచోట్ల కంచె ఉండదు. టోపీ, ఫోను, డ్రోను, ఏది అంచు వైపు పోయినా పోనివ్వండి. ఫోటో కోసం వెనక్కి నడవడం, ఎగరడం అసలొద్దు. 2017లో ఒక విదేశీ విద్యార్థిని ఇక్కడే ఫోటో కోసం ఎగిరి, పట్టు తప్పి పడి చనిపోయింది. ఆమె కూడా ఒంటరిగానే వచ్చింది.

కక్‌మియర్ నది సముద్రంలో కలిసేచోట అవతలి ఒడ్డు చాలా దగ్గరగా కనిపిస్తుంది. దాటొచ్చు అనిపిస్తుంది, దిగకండి. ఎగ్జీట్ వంతెన దాకా లోపలికి నడిచి, చుట్టు తిరిగి రండి. ఆ చుట్టుకి గంట పైగా పడుతుంది, లెక్కలో వేసుకోండి. కొండల కింద బీచ్ మీదుగా నడవాలన్న ఆలోచన కూడా వద్దు. పోటు వస్తే వెనక్కి దారి ఉండదు, పైనుంచి రాళ్ళు పడతాయి.

ఒంటరి నడకలో అసలు చిక్కు ఏమిటంటే, మీకేమైనా అయితే చూసేవాళ్ళుండరు. అమ్మానాన్నలకి చెప్తే టెన్షన్ పడతారని చెప్పకపోవచ్చు, కనీసం రూమ్‌మేట్‌కి చెప్పండి: ఏ రైలు, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తారు. "ఏడింటికల్లా మెసేజ్ రాకపోతే ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే 999కి చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడుగు." ఈ రెండు ముక్కలు చాలు. 999 అంటే అక్కడి ఎమర్జెన్సీ నంబర్, కోస్ట్‌గార్డ్ అంటే తీరంలో ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడే దళం. సిగ్నల్ సరిగా లేనిచోట కాల్ కలవకపోయినా 999కి మెసేజ్ వెళ్ళొచ్చు. దానికి ముందే నమోదు చేసుకోవాలి: ఇంగ్లీషులో రిజిస్టర్ అని టైప్ చేసి 999కి పంపి, వచ్చిన జవాబులో చెప్పినట్టు చేయండి. మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, పవర్ బ్యాంక్ పెట్టుకోండి.

డిసెంబర్‌లో నాలుగు లోపే పొద్దు గూకుతుంది, కాబట్టి చలికాలంలో మొత్తం దారి పెట్టుకోవద్దు. ఎగ్జీట్ దగ్గర బస్సు దొరుకుతుంది. అక్కడికి చేరేసరికి ఆలస్యమైనా, కాళ్ళు బరువెక్కినా ఎక్కేయండి. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది, గ్రిప్ ఉన్న బూట్లే వేసుకోండి. ఎగ్జీట్ నుంచి బర్లింగ్ గ్యాప్ దాకా నీళ్ళు దొరకవు. రెండు లీటర్లు, ఒక డబ్బా పులిహోర మోసుకెళ్ళండి.

ఇంకొకటి. ఈస్ట్‌బోర్న్‌కి ముందు వచ్చే బీచీ హెడ్ దగ్గర, 162 మీటర్ల ఎత్తున, ఒంటరిగా నిలబడినవాళ్ళని వాలంటీర్లు వచ్చి పలకరిస్తారు. విసుక్కోకండి, వాళ్ళు ఎన్నో ప్రాణాలు కాపాడారు. మనసు బాగోలేని రోజున ఆ దారికి ఒక్కరే వెళ్ళకండి. ఎవరితోనైనా మాట్లాడండి. మనసు బాగోలేనివాళ్ళ మాట వినే సమారిటన్స్ అనే సంస్థ నంబర్ 116 123, ఏ వేళకైనా ఎత్తుతారు, డబ్బులు పడవు.

ఈస్ట్‌బోర్న్‌లో తిరుగు రైలెక్కగానే రూమ్‌మేట్‌కి మెసేజ్ పెట్టండి. మీరు మర్చిపోతే, చీకట్లో మీ కోసం కొండంతా వెతకడం మొదలుపెడతారు.