సెయిల్‌బోట్ మీద సోలార్ ఆర్చ్ పెట్టించా, దాని ఊగుడు ఎలా తగ్గిందంటే

మాది 36 అడుగుల పాత సెయిల్‌బోట్, అమెరికాలో అనాపొలిస్ దగ్గర చెసాపీక్ బేలో ఉంటుంది. లంగరేసి రెండు రోజులుంటే చాలు, ఫ్రిజ్ దెబ్బకి బ్యాటరీలు డౌన్, మళ్లీ ఇంజన్ ఆన్ చేసి ఆ చప్పుడు వినాలి, మా ఆవిడకైతే తెగ చిరాకు. అందుకే వెనకవైపు ఆర్చ్, అంటే కాళ్ల మీద నిలబడే పైపుల ఫ్రేమ్, కట్టించి దాని మీద రెండు 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు వేశా.

కొలతలు నేనే తీశా, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ పైపు, అంగుళం సైజు, వంచి వెల్డింగ్ చేసింది వర్క్‌షాప్ వాళ్లు. బిగించాక చూడ్డానికి బాగానే ఉంది గానీ అలలొస్తే పక్కకి ఊగిపోతోంది, నాలుగు కాళ్లూ నిటారుగా ఉంటే అడ్డం తోపుని ఆపేదేముంది మరి! రెండు వైపులా ఐమూలగా సపోర్ట్ పైపులు వేయించి, కాళ్ల కింద డెక్‌కి (బోటు పైతలానికి) లోపలివైపు మందపాటి ప్లేట్లు పెట్టాక దాదాపు పోయింది.

డెక్ పైపొరకీ కిందిపొరకీ మధ్యలో బాల్సా అనే తేలికపాటి చెక్క ఉంటుంది, నీళ్లు దిగితే కుళ్లిపోతుంది, కాబట్టి బోల్టు కన్నాలు పెద్దవి చేసి ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) నింపి, గట్టిపడ్డాక మళ్లీ సరైన సైజు కన్నం పెట్టా. దీనికే వారం పట్టింది, ఇక్కడ మాత్రం కక్కుర్తి పడొద్దు. ప్యానెల్ ఫ్రేమ్ అల్యూమినియం కదా, స్టీలుకి నేరుగా తగిలితే ఉప్పుతేమకి తినేస్తుంది, మధ్యలో నైలాన్ వాషర్లు వేశా.

ఇంకో తప్పు, ప్యానెళ్లు మొదట సిరీస్‌లో కలిపా. బూమ్ (తెరచాప కింద అడ్డంగా ఉండే కర్ర) నీడ ఒకదాని మీద పడితే మొత్తం కరెంటే పడిపోయేది. ఇప్పుడు దేనికది వేరే ఎంపీపీటీ కంట్రోలర్, అంటే ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ పవర్ తీసి బ్యాటరీకి ఎక్కించే పెట్టె. మొన్న మూడు రోజులున్నాం, ఇంజన్ ముట్టుకోలేదు, ఫ్రిజ్‌లో పెరుగు కూడా పులవలేదు.